బండి చట్రంలో వంగిన అడ్డపట్టె

అనంతపురం వైపునుంచి వచ్చి తమిళనాట కృష్ణగిరికి పోయే 42వ జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఊళ్ళను వరుసగా కలుపుతుంది. టమోటా కాపు బాగా ఉన్న నెలల్లో తెల్లవారుజామున ఈ దారిమీద నిలబడి చూస్తే పికప్ బండ్లు ఒకదాని వెనుక ఒకటి మదనపల్లె మార్కెట్ యార్డుకు పోతూ కనబడతాయి. చేలగట్ల వెంట, రాళ్ళు తేలిన మట్టిదారుల వెంట, వంకలు దాటి, ప్లాస్టిక్ పెట్టెల నిండా కాయ నింపుకొని అవి రహదారి ఎక్కుతాయి. వాటిలో పది పన్నెండేండ్లు నడిచిన పాత బండ్లు అనేకం.

అటువంటి బండి ఒకటి మరమ్మతు షెడ్డుకు వచ్చిందనుకొందాం. గేరు మార్చేటప్పుడు చప్పుడు వస్తున్నది; వేగం పెరిగితే బండి అదురుతున్నది. మెకానిక్కు కిందికి దూరి చూస్తే గేరుబాక్సును మోసే అడ్డపట్టె మధ్యలో వంగి ఉంది. ఈ పట్టెను షెడ్లలో క్రాస్ మెంబరు అంటారు. బండి యజమాని అడిగేది ఒక్కటే ప్రశ్న: గ్యాసుమంటతో కాల్చి సమ్మెటతో కొట్టి సరిచేస్తే చాలునా, లేక పట్టెనే మార్చాలా? కాల్చి కొట్టడం ఒక పూట పని. మార్చడానికి బండి రెండు మూడు రోజులు నిలవాలి. కోతల కాలంలో బండి నిలిస్తే ఇంటి రాబడి నిలుస్తుంది. కాని నిర్ణయం తప్పితే పోయేది రాబడి ఒక్కటే కాదు; బండిలో ఉన్నవారి, ఎదురుగా వచ్చేవారి ప్రాణాలు కూడా. ఈ ప్రశ్నకు జవాబు మెకానిక్కు అనుభవంలో కొంత, పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రంలో కొంత ఉన్నది.

మంచం, నిచ్చెన, చట్రం

నులకమంచాన్ని గమనించండి. రెండు పొడవు పట్టెలు, రెండు అడ్డపట్టెలు, నాలుగు కోళ్ళు. అడ్డపట్టెలు లేకపోతే పొడవు పట్టెలు ఎంత బలమైనవైనా మంచం నిలవదు. కోటికి, పట్టెకు మధ్య బిగువు సడలితే ఒక కాలు పైకి లేస్తుంది. మంచం ఒక మూలకు ఈడ్చుకొని పోయి చతురస్రాకారం చెడుతుంది.

బొలెరో పికప్, టాటా 207 వంటి బండ్ల చట్రం ఈ మంచంవంటిదే. ముందునుంచి వెనుకదాకా రెండు పొడవైన ఉక్కు పట్టెలు ఉంటాయి. వాటిని కలుపుతూ నిచ్చెన మెట్లవలె కొన్ని అడ్డపట్టెలు ఉంటాయి. అందుకే దీనిని నిచ్చెన చట్రం అంటారు. ఇంజను, గేరుబాక్సు, డ్రైవరు గది, సరుకు తొట్టి అన్నీ దీనిమీదనే కూర్చుంటాయి. కింద కమాన్ కట్టలు, ఇరుసులు దీనికే వ్రేలాడుతాయి.

అడ్డపట్టెలకు మూడు పనులు. పొడవు పట్టెల మధ్య దూరాన్ని కాపాడడం మొదటిది. ఒక పట్టె ముందుకు, ఒక పట్టె వెనుకకు జారకుండా మూలలను లంబకోణంలో నిలపడం రెండవది. ఒక చక్రం గుంటలో పడి మరొకటి గట్టుమీద ఉన్నప్పుడు చట్రం మెలిపడిపోకుండా ఆపడం మూడవది. వీటికి తోడు కొన్ని అడ్డపట్టెలు గేరుబాక్సునో, ముందు చక్రాల కీళ్ళనో మోస్తాయి. కాబట్టి వంగిన పట్టె ఏది, దానిమీద ఏమి కూర్చున్నది అన్నదే మొదట తెలిసికోవలసిన విషయం. వెనుక చివర ఊరక దూరాన్ని కాపాడే పట్టె కొద్దిగా వంగడం వేరు. ముందు చక్రాల కీలును మోసే పట్టె వంగడం వేరు.

వంగడమంటే ఏమి?

ఒక దూలం రెండు గోడలమీద ఉండి, మధ్యలో బరువు మోస్తున్నదనుకొందాం. అది వంగినప్పుడు కిందిపొరలు సాగుతాయి, పైపొరలు నలుగుతాయి. నడుమ ఎక్కడో సాగనిది, నలగనిది అయిన పొర ఒకటి ఉంటుంది. దానిని తటస్థ తలం అంటారు. దాని నుంచి ఎంత దూరాన ఉంటే ఆ పొరకు అంత ఎక్కువ సాగుదలగాని, నలుగుదలగాని కలుగుతుంది. దూలాల బలాన్ని గణితంతో లెక్కించడానికి మొదట పూనుకొన్నవారిలో గెలీలియో ఒకడు. 1638లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన ఈ సమస్యను చర్చించాడు. ఆయన లెక్కలో ఉన్న లోపాలను తరువాతివారు సవరించారు.

వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 2 సెంటీమీటర్లు ఉన్న చెక్కను పరచి వేస్తే సులువుగా వంగుతుంది. అంచుమీద నిలబెడితే వంగదు. లెక్క వేస్తే నిలబెట్టిన చెక్క పరచిన చెక్కకన్న 25 రెట్లు బిర్రుగా ఉంటుంది, 5 రెట్లు ఎక్కువ బరువు మోస్తుంది. బండి పట్టెను కూడా ఇదే సూత్రం ప్రకారం మూడు వైపుల మూసి ఒక వైపు తెరచిన తూమువలె మలుస్తారు. మధ్య రేకు నిలువుగా నిలబడుతుంది. పై అంచు, కింది అంచు తటస్థ తలానికి దూరంగా ఉండి సాగుదలను, నలుగుదలను భరిస్తాయి. తక్కువ ఉక్కుతో ఎక్కువ బలం వస్తుంది.

తరగతిలో దీనిని చూపడం సులభం. రెండు పుస్తకాలమధ్య ఒక కాగితాన్ని వంతెనవలె ఉంచండి. తనబరువుకే క్రుంగుతుంది. అదే కాగితం రెండు అంచులను నిలువుగా మడచి ఉంచితే ఒక పెన్సిలును మోస్తుంది. ఇప్పుడు నిలిచి ఉన్న అంచును ఒకచోట వ్రేలితో నొక్కి నలపండి. పెన్సిలు వెంటనే పడిపోతుంది. ఈ చివరి ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి. వంగిన పట్టె అంచులో ఒక మడత పడిందంటే ఆ పట్టెకు బలమిచ్చిన ఆకారమే పోయిందన్నమాట.

తిరిగి వచ్చే వంపు, రాని వంపు

ఉక్కు స్కేలును కొద్దిగా వంచి వదిలితే తిరిగి నిటారవుతుంది. ఇది స్థితిస్థాపకత. సాగుదల లాగే బలానికి అనుపాతంలో ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఐతే ఈ నియమానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటితే లోహం లొంగిపోతుంది. బలం తీసివేసినా వంపులో కొంత మిగులుతుంది.

ఈ హద్దు ఎక్కడ ఉన్నది? సాధారణపు మెత్తని ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 250 న్యూటన్ల ప్రతిబలం వద్ద లొంగుతుంది. ఉక్కు యంగ్ గుణకం చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,00,000 న్యూటన్లు. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే 800లో ఒక వంతు వస్తుంది. అంటే ఒక మీటరు ఉక్కుకడ్డీ 1.25 మిల్లీమీటర్లు సాగేసరికి హద్దు చేరుతుంది.

దీనిని అడ్డపట్టెకు అన్వయించి చూద్దాం. పట్టె పొడవు 800 మిల్లీమీటర్లు, ఎత్తు 80 మిల్లీమీటర్లు అనుకొందాం. అంచు తటస్థ తలానికి 40 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నది. పట్టె చాపంవలె సమంగా వంగితే అంచులోని వికృతి, 40ని చాపపు వ్యాసార్ధంతో భాగించగా వచ్చినంత. అది 800లో ఒక వంతు కావాలంటే వ్యాసార్ధం 32 మీటర్లు ఉండాలి. అంత పెద్ద వృత్తంలో 800 మిల్లీమీటర్ల ముక్క మధ్యలో దిగేది 2.5 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే రెండున్నర మిల్లీమీటర్ల వరకు పట్టె దిగి తిరిగి వస్తుంది. ఆపైన వచ్చిన వంపులో కొంత అట్లానే నిలిచిపోతుంది. కంటికి కనబడేటంతగా, 15, 20 మిల్లీమీటర్లు వంగి ఉన్న పట్టె ఈ హద్దును ఎంతో దాటిపోయిందని గ్రహించాలి.

హద్దు దాటినప్పుడు ఉక్కు లోపల ఏమి జరుగుతుంది? లోహం చిన్న చిన్న స్ఫటికాల ముద్ద. స్ఫటికంలో అణువులు వరుసలు తీరి ఉంటాయి. ఈ వరుసల్లో అక్కడక్కడ ఉండే లోపాలు జరగడంవల్లనే లోహం ఆకారం మారుతుందని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే ముగ్గురు విడివిడిగా ప్రతిపాదించారు. లోహం వంగినకొద్దీ ఈ లోపాలు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. అందుచేత వంగిన చోట లోహం ముందుకన్న గట్టిపడుతుంది, కాని సాగే గుణాన్ని కోల్పోతుంది.

కట్టుతీగ ముక్కను తీసికొని ఒకచోట గట్టిగా వంచి, మరల చేతితో నిటారు చేయడానికి ప్రయత్నించండి. వంగిన చోటనే సరిగా నిటారు కాదు. దాని ప్రక్కన కొత్త వంపు వస్తుంది. గట్టిపడిన చోటు లొంగక, ప్రక్కనున్న మెత్తని చోటు లొంగింది. అట్లా అటూ ఇటూ పదిసార్లు వంచితే తీగ తెగిపోతుంది. వంగిన అడ్డపట్టెను కొట్టి నిటారు చేసేటప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. ప్రతి వంపూ, ప్రతి సవరణా ఉక్కులో మిగిలిన ఓర్పును కొంత ఖర్చుచేస్తుంది.

అడ్డపట్టె ఎందుకు వంగుతుంది?

కారణం తెలియకుండా మరమ్మతు చేస్తే కొత్త పట్టె కూడా వంగుతుంది. మట్టిదారిలో తేలిన రాయి తగలడం ఒక కారణం. బురదలో దిగబడిన బండిని అడ్డపట్టెకు గొలుసు కట్టి ట్రాక్టరుతో లాగడం మరొకటి. జాకీని పెట్టరాని చోట పెట్టడం ఇంకొకటి.

ఈ చివరిదానిని లెక్కతో చూద్దాం. బండి ముందు భాగపు బరువు ఒక టన్ను, అంటే సుమారు 10,000 న్యూటన్లు అనుకొందాం. జాకీని పైన చెప్పిన పట్టె నడుమ ఆనించి ఎత్తితే రెండు చివరల 5,000 న్యూటన్ల చొప్పున భారం పడుతుంది. పట్టె నడుమ వంచే భ్రామకం 5,000ను 400తో గుణించగా 20 లక్షల న్యూటన్ మిల్లీమీటర్లు. రేకు మందం 3 మిల్లీమీటర్లు, అంచు వెడల్పు 40 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు పట్టె కొలతలనుబట్టి అంచులో కలిగే ప్రతిబలం చదరపు మిల్లీమీటరుకు దాదాపు 175 న్యూటన్లు. ఇది 250కి లోపలే, పట్టె వంగదు. ఇప్పుడు పన్నెండేండ్ల తుప్పు తినివేసి రేకు మందం 2 మిల్లీమీటర్లకు తగ్గిందనుకొందాం. అదే బరువుకు ప్రతిబలం 255 ప్రాంతానికి చేరుతుంది. పట్టె లొంగిపోతుంది. కొత్త బండికి ఏమీ కాని పని పాత బండిని ఎందుకు వంచుతుందో దీనివల్ల తెలుస్తుంది. తూమువంటి పట్టెలో బురద చేరి, ఆరక, లోపలినుంచి తినివేస్తుంది. పైన రంగు బాగానే కనబడుతుంది.

ఇక మోత సంగతి. ఒక్కొక్కటి 25 కిలోల పెట్టెలు 60 ఎక్కిస్తే 1,500 కిలోలు. 1,200 కిలోలకు తయారైన బండికి ఇది పావు వంతు అధికం. నిలిచి ఉన్న బండిలో ఇది పెద్ద తేడాగా తోచకపోవచ్చు. కాని బరువు ఒక్కసారిగా మీదపడితే కలిగే వంపు, నెమ్మదిగా ఉంచితే కలిగే వంపుకు రెట్టింపు. స్ప్రింగు త్రాసుకు ఒక రాయి తగిలించి, చేతితో పట్టి నెమ్మదిగా దించి ఒకసారి, స్ప్రింగు సాగకముందే ఒక్కసారిగా వదిలి ఒకసారి చూడండి. రెండవసారి ముల్లు దాదాపు రెట్టింపు దూరం పోయి తిరిగి వస్తుంది. గుంటలో పడిన బండిలో అధికపు మోత ప్రతిసారీ ఇట్లా వదిలిన రాయివలె పనిచేస్తుంది.

పట్టె లొంగే హద్దుకు లోపల ఉన్న భారాలు కూడా నిరపాయకరం కావు. కిలోమీటరుకు పది కుదుపుల చొప్పున రోజుకు వంద కిలోమీటర్లు, ఏడాదికి మూడు వందల రోజులు తిరిగే బండి ఏటా మూడు లక్షల కుదుపులు తింటుంది. పదేండ్లకు ముప్పై లక్షలు. 1842లో ఫ్రాన్సులో వెర్సాయి నుంచి వస్తున్న రైలుబండి ఇంజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. ఆ తరువాత జర్మను రైల్వే ఇంజనీరు వోలర్ 1850, 1870 సంవత్సరాల మధ్య ఇరుసులను వేలసార్లు, లక్షలసార్లు వంచి పరీక్షించి, ఒక్కసారికి ఏమీ చేయని భారం పదేపదే పడితే లోహాన్ని విరచగలదని నిరూపించాడు. దీనిని లోహపు అలసట అంటాము. అలసట పగులు సాధారణంగా రంధ్రాల అంచున, గీరుకుపోయిన చోట, అతుకు ప్రక్కన, మడతలో మొదలవుతుంది.

అగ్ని చేసే మేలు, కీడు

కమ్మరి కొలిమిలో కొడవలిని ఎర్రగా కాల్చి దాగలిమీద మలచడం మన ఊళ్ళలో అందరూ చూచినదే. కాలిన ఉక్కు మెత్తబడుతుంది. 600 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, అంటే ముదురు ఎరుపు కనబడే వేడిలో, మెత్తని ఉక్కు లొంగే బలం చల్లగా ఉన్నప్పటిలో సగానికన్న తక్కువ. అందుకే సమ్మెట దెబ్బకు సులువుగా నిటారవుతుంది. ఐతే కొడవలికి, బండి పట్టెకు భేదం ఉన్నది. కొడవలి మొత్తం కొలిమిలోనికి పోతుంది. పట్టె రెండు చివరల చట్రానికి బిగించి ఉంటుంది. మంట తగిలేది నడుమ జానెడు మేరకే.

ఆ జానెడులో 100 మిల్లీమీటర్ల భాగం 600 డిగ్రీల మేర వేడెక్కితే 0.7 మిల్లీమీటరు పెరగాలని చూస్తుంది. ప్రక్కనున్న చల్లని లోహం పెరగనివ్వదు. మెత్తబడిన భాగం తనలోనే నలిగి మందమవుతుంది. చల్లారేటప్పుడు అది కుంచించుకొని రెండు ప్రక్కల లాగుతుంది. నిటారైనదని వదిలిన పట్టె చల్లారేసరికి మరొక వైపు వంగడానికి, చట్రపు మూలను లాగడానికి ఇదే కారణం. వంతెనల, ఓడల ఉక్కును సవరించే నిపుణులు ఈ గుణాన్నే కొలతతో వాడుకొంటారు. కాని అది ఉష్ణోగ్రత చూచి, చోటు లెక్కించి చేసే పని. అందాజుకు చేసేది కాదు.

ఇంకొక చిక్కు ఉన్నది. అనేక బండ్ల పట్టెలకు మెత్తని ఉక్కుకు బదులు తక్కువ మందంతో ఎక్కువ బలమిచ్చే ఉక్కును వాడుతారు. దాని బలం కర్మాగారంలో అదుపుచేసిన వేడితో, ఒత్తిడితో వచ్చినది. గ్యాసుమంటతో ఎర్రగా కాలిస్తే ఆ బలం పోతుంది. చల్లారినా తిరిగి రాదు. చూపుకు పట్టె నిటారుగా ఉంటుంది, బలం మాత్రం ఉండదు. త్వరగా చల్లారాలని నీళ్ళు పోయడం ఇంకా కీడు. కర్బనం ఎక్కువగా ఉన్న ఉక్కు అట్లా పెళుసెక్కుతుంది. పైగా చట్రం వెంట బ్రేకు గొట్టాలు, ఇంధనపు గొట్టాలు, తీగలు పోతుంటాయి. మంట వాటికి ఎంత దూరంలో ఉన్నదో చూడకుండా పని మొదలుపెట్టరాదు.

అతుకు వేస్తే బలం పెరుగుతుందా?

వంగిన చోట మందమైన రేకును అతికితే ఇక ఎన్నటికీ వంగదని చాలామంది నమ్మకం. ఆ చోట వంగదన్నది నిజమే. కాని చట్రం ఊరక బిర్రుగా ఉండడానికి చేసినది కాదు. మిట్టపల్లాల దారిలో అది కొద్దిగా మెలితిరిగి, తిరిగి సర్దుకోవాలి. కాగితాన్ని గొట్టంగా చుట్టి, అంచు అంటించకుండా మెలిపెట్టండి; సులువుగా తిరుగుతుంది. అంచు జిగురుతో అంటించి మెలిపెట్టండి, తిరగదు. తెరచిన పట్టె మొదటి గొట్టం, మూసిన పట్టె రెండవ గొట్టం. ఒక పట్టెను అతుకుతో మూసి గట్టి చేస్తే అది మెలిపడదు. తాను తీసికోవలసిన మెలికను ప్రక్క పట్టెలమీదికి త్రోస్తుంది. అతుకు ఆగిన చోట, గట్టి భాగానికి మెత్తని భాగానికి నడుమ, ప్రతిబలం గుమికూడుతుంది. వెల్డింగు వేడికి లోహం మారినదీ అక్కడే. కొన్ని నెలల తరువాత అతుకు అంచునే పగులు పడుతుంది. అంచులకు అడ్డంగా వెల్డింగు వరుస వేయడం అన్నిటికన్న చెడ్డది.

కొలిచి చూడడం

పట్టెతోపాటు చట్రం కూడా చెడిందా అన్నది కంటితో తేలదు. 800 మిల్లీమీటర్ల పట్టె మధ్యలో 20 మిల్లీమీటర్లు వంగితే రెండు చివరల మధ్య దూరం తగ్గేది సుమారు 1.3 మిల్లీమీటర్లు మాత్రమే. టేపుతో ఆ దూరాన్ని కొలిచి బాగానే ఉన్నదనుకోవడం సహజం. కాని అదే వంపుకు చివరలు దాదాపు 6 డిగ్రీలు తిరుగుతాయి. వాటితోపాటు పొడవు పట్టెలను మెలిపెడతాయి. కాబట్టి మూలమట్టం ఆనించి కోణాన్ని చూడాలి.

ఇంటికి పునాది గీసేటప్పుడు మేస్త్రీ మూలనుంచి మూలకు త్రాడు పట్టి రెండు కర్ణాలు సమానమో కాదో చూస్తాడు. బండికి కూడా అదే పరీక్ష. రెండు పొడవు పట్టెలమీద, కర్మాగారంలో చేసిన రంధ్రాలను జంటలుగా ఎంచుకొని, వాటినుంచి మట్టపుగుండు వ్రేలాడదీసి నేలమీద సుద్దతో గుర్తులు పెట్టాలి. 800 మిల్లీమీటర్ల వెడల్పు, 2,400 మిల్లీమీటర్ల పొడవుగల దీర్ఘచతురస్రంలో ఒక పట్టె మరొకదానికన్న 10 మిల్లీమీటర్లు ముందుకు జారితే కర్ణాల మధ్య తేడా దాదాపు 19 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే ఈ పరీక్ష లోపాన్ని దాదాపు రెట్టింపు చేసి చూపుతుంది. విద్యార్థులు పైథాగరస్ సిద్ధాంతంతో దీనిని సరిచూసికోవచ్చు.

మెలిక ఉన్నదో లేదో కర్ణాలు చెప్పలేవు. దానికి మేస్త్రీ వాడే నీటిగొట్టమే చాలు. సమమైన నేలమీద బండిని దించి, చట్రం నాలుగు మూలల ఎత్తును పారదర్శకమైన గొట్టంలోని నీటిమట్టంతో పోల్చాలి. మూడు మూలలు సరిపోయి నాలుగవది లేచినా, దిగినా చట్రం మెలిపడిందన్నమాట. ఐతే ముందుగా కమాన్ కట్టల్లో పట్టీ విరగలేదని, చక్రాల గాలి సమంగా ఉన్నదని చూడాలి.

గేరుబాక్సు పట్టె వంగినప్పుడు బండి ఎందుకు అదురుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. గేరుబాక్సునుంచి వెనుక ఇరుసుకు పోయే షాఫ్టు రెండు చివరల క్రాస్ జాయింట్లు ఉంటాయి. వంపుగా ఉన్న ఒక జాయింటు ప్రతి చుట్టులో రెండుసార్లు షాఫ్టు వేగాన్ని పెంచి తగ్గిస్తుంది. రెండు జాయింట్ల కోణాలు సమానంగా ఉంటే ఒకటి చేసిన తేడాను మరొకటి చెరిపివేస్తుంది. ఇంజను ఆధారానికి మీటరు దూరాన ఉన్న గేరుబాక్సు పట్టె 20 మిల్లీమీటర్లు కదిలితే కోణం ఒక డిగ్రీకి పైగా మారుతుంది. ఆ మేరకు సమానత చెడి అదురు పుడుతుంది. అదురు క్రమంగా బేరింగులను, తానున్న పట్టెనే తింటుంది.

పగులును వెదకడం

పట్టెను నిటారు చేయవచ్చునా అన్నది పగులు ఉన్నదా లేదా అన్నదానిమీద ఆధారపడుతుంది. వెంట్రుకవాసి పగులు కంటికి ఆనదు. రైల్వే కార్ఖానాలలో పూర్వంనుంచి వాడిన సులువైన పద్ధతి ఒకటి ఉన్నది. పట్టెను తీగ బ్రష్షుతో శుభ్రంగా గీకి, కిరోసిన్ గాని డీజిల్ గాని పూసి అరగంట ఉంచాలి. తరువాత పొడిగుడ్డతో పూర్తిగా తుడిచి సుద్దపొడి పలుచగా చల్లాలి. పగులు ఉంటే దానిలోనికి దిగిన నూనెను సుద్ద పైకి పీలుస్తుంది. తెల్లని పొడిమీద సన్నని తడిగీత కనబడుతుంది. దీపపు వత్తిలో నూనె ఎక్కడానికి, ఈ గీత రావడానికి కారణం ఒకటే, కేశనాళికత. ఈ పని చేసేటప్పుడు మంటలు, నిప్పురవ్వలు దగ్గర ఉండరాదు.

ఏమి చేయాలి?

ఇప్పుడు యజమాని ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. వంగిన పట్టె ఏ యంత్రభాగాన్నీ మోయనిదై, వంపు కొద్దిదై, పగులు, మడత, లోతైన తుప్పు లేక, కర్ణాలు సమానంగా ఉంటే దానిని అట్లాగే వదిలి గమనిస్తూ ఉండవచ్చు. వంపు ఎక్కువైనా మడత, పగులు లేని చోట చల్లగానే నొక్కి సవరించవచ్చు. దానికి సమ్మెట దెబ్బలు పనికిరావు. పట్టె రెండు చివరలను గొలుసులతో గట్టి దూలానికి బంధించి, నడుమ మందమైన దిమ్మె ఆనించి జాకీతో నెమ్మదిగా నొక్కాలి. నొక్కడం ఆపితే పట్టె కొంత వెనుకకు వస్తుంది కనుక నిటారుకు రెండు మూడు మిల్లీమీటర్లు అవతలికి నొక్కవలసి వస్తుంది. తరువాత పగుళ్ళకోసం మరల చూడాలి.

మడత పడిన, పగిలిన, తుప్పుకు పలుచబడిన పట్టెనుగాని, చక్రాల కీళ్ళను, స్టీరింగును, గేరుబాక్సును మోసే పట్టె బాగా వంగినప్పుడుగాని మార్చడమే మార్గం. ఇక్కడ మరమ్మతు లాభమన్నది పైకి కనబడే లెక్క మాత్రమే. ఏ పని చేసినా బరువు దించి, బండిని జాకీమీద గాక గట్టి స్టాండ్లమీద నిలిపిన తరువాతనే కిందికి దూరాలి. జాకీ జారి ప్రాణాలు పోవడానికి క్షణం చాలు. వెల్డింగు తప్పని చోట బ్యాటరీ తీగలను ముందుగా విప్పాలి.

రివిటు, బోల్టు

చాలా చట్రాల్లో అడ్డపట్టెలను రివిట్లతో బిగిస్తారు. రివిటును నొక్కేటప్పుడు దాని కాండం ఉబ్బి రంధ్రాన్ని పూర్తిగా నింపుతుంది. పట్టె కదలడానికి సందు ఉండదు. పాత రివిటును మంటతో కోయక, తల అరగదీసి డ్రిల్లుతో తీయాలి. మంటతో కోస్తే రంధ్రపు అంచు కాలి, గరుకై, అలసట పగులుకు బీజం పడుతుంది. రివిటుకు బదులు బోల్టు వేసేటప్పుడు రంధ్రానికి సరిగ్గా పట్టే బోల్టే కావాలి. వదులుగా ఉన్న బోల్టు ప్రతి కుదుపుకు రంధ్రాన్ని పెద్దది చేస్తుంది.

బోల్టు తలమీద 8.8 అని ఉండడం చూడవచ్చు. మొదటి 8 అంటే అది చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల వరకు తెగకుండా ఆగుతుందని. చుక్క తరువాతి 8 అంటే అందులో నూటికి 80 వంతులు, అంటే 640 న్యూటన్ల వద్ద లొంగుతుందని అర్థం. ఏ గుర్తూ లేని బోల్టును చట్రానికి వాడరాదు. పని ముగిసిన తరువాత కర్ణాలను, నీటిమట్టాన్ని మరల చూడాలి. కొత్త పట్టె లోపలి వైపు కూడా రంగు పూయాలి. నూరు కిలోమీటర్లు నడిచిన తరువాత బోల్టులను ఇంకొకసారి బిగించి చూడాలి.

బండి గుర్తింపు సంఖ్య చెక్కి ఉండేది పొడవు పట్టెమీద. అడ్డపట్టెను మార్చినంతమాత్రాన దానికి ఏ భంగమూ రాదు. ఆ సంఖ్య ఉన్న చోట కోయడం, అతకడం మాత్రం చేయరాదు. పాత బండిని కొనేవారు కూడా బేరానికి ముందు ఒక టేపు, సుద్ద, త్రాడు పట్టుకొని కిందికి వంగి చూడడం మంచిది. అడ్డపట్టె నడుమ కొత్త రంగు, కాలిన మచ్చ, సమ్మెట గుర్తులు ఉంటే కారణం అడగాలి.

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని తరగతి గదిలో ముగించనక్కరలేదు. మదనపల్లెలోగాని, పుంగనూరులోగాని, కుప్పంలోగాని బండ్లు బాగుచేసే షెడ్డు ఒకటి దగ్గరలోనే ఉంటుంది. విద్యార్థులను తీసికొనిపోయి, నిలిపి ఉంచిన బండి చట్రంలో పొడవు పట్టెలు, అడ్డపట్టెలు లెక్కించమని, ఏ పట్టె ఏమి మోస్తున్నదో వ్రాయమని చెప్పవచ్చు. హుక్ నియమం, పైథాగరస్ సిద్ధాంతం, కేశనాళికత మూడూ అక్కడ ఒకే బండి కింద కనబడతాయి. ఆ పిల్లలలో ఒకరి ఇంట పికప్ బండి ఉంటే, ఈసారి అడ్డపట్టె వంగినప్పుడు గ్యాసుమంట వెలిగించకముందే ఒక కొలత, ఒక సుద్దగీత అడిగేవారు ఆ ఇంట్లో ఉంటారు.